నాటకము నడుపు విద్య

నాటకము చూచి వచ్చిన వానిని "రాత్రి ఆట ఎట్లున్నది?" అని యడిగినచో కృష్ణుడు బాగుగ పాడెననియో, దుర్యోధనుని గొంతు నడుమనే పోయెననియో చెప్పును. దీపములకు నూనె యెవరు తెచ్చిరి, తెల్లవారుజామున వేషగాండ్రకు చాయ యెవరు పోయించిరి, వచ్చిన సొమ్మును ఎవరు లెక్కపెట్టిరి, చాలని సొమ్మును ఎవరు తమ యింటినుండి తెచ్చి కట్టిరి అను ప్రశ్నలు ఎవరికిని తోచవు. నేను నేడు ప్రసంగింపదలచినది ఆ కనబడని మనుష్యుని చరిత్ర. వానికి మన భాషలో నొక్క పేరు కుదురలేదు. మేళపు పెద్ద యనిరి, సమాజపు యజమాని యనిరి, కంట్రాక్టరు అనిరి, కార్యదర్శి యనిరి. ఈ ప్రసంగమున నేను వానిని నిర్వాహకుడని పిలిచెదను.

ఈ విషయము నా మనస్సున మెదలుటకు కారణము గలదు. మొన్నటి వేసవిలో దేవరకొండ ప్రాంతపు రైతు ఒకడు, నాకు వరుసకు అల్లుడు, మా యింటికి వచ్చెను. అతని కుమార్తె బి.ఏ. ముగించినది. హైదరాబాదునకు పోయి రంగస్థల కళలలో ఎం.పి.ఏ. అను రెండేండ్ల చదువు చదివెదనని పట్టుపట్టినది. అందును వేషము వేయుటకు గాదట, నాటకములను నడిపించుట నేర్చుకొనుటకట. అతడు అరుగుమీద కూర్చుండి, "మామా, ఆటకు సుత ఎం.ఏ. ఉంటదా? వేషమేస్తనంటే ఏమో అనుకుందును. లెక్కలు రాస్తదట, టెంట్లు కట్టిస్తదట. అది చదివి ఏం తింటది?" అని యడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఏబది సంవత్సరముల క్రిందట ఆ చదువు లేకపోవుటచే నేనెంత నష్టపోతినో కొంత సేపటికి చెప్పెదను. ముందుగా ఈ విద్య మన ప్రాంతమున ఎట్లు సాగివచ్చినదో చూతము.

మన పూర్వులు నిర్వాహకుని ఎరుగకపోలేదు. భరతుని నాట్యశాస్త్రము రెండవ అధ్యాయమునందే నాట్యమండపమును కట్టు విధానము చెప్పబడినది. నేలను పరీక్షించుట, సూత్రము పట్టి కొలుచుట, స్తంభములు నిలుపుట మొదలగు పనులన్నియు నటుని అభినయమునకు ముందే వచ్చినవి. సూత్రధారుడనగా ఈ పనులన్నియు తెలిసినవాడు. కాలక్రమమున సూత్రధారుడు తెరముందు నాలుగు మాటలు పలికి పోవు పాత్రగా మిగిలెను. వాని తక్కిన పని పేరులేనిదై తెరవెనుకకు పోయినది.

మన నల్లగొండ, పాలమూరు మెట్టభూములలో ఆ పని చక్కగా తెలిసినవారు చిందు భాగవతులు. వారు జాంబపురాణమును, యక్షగానములను ఆడుదురు. స్త్రీలును వేషములు ధరించి ఆడుట వారి యందు పూర్వమునుండి గలదు. వారి విద్యను మెచ్చుకొనువారు కలరు గాని వారి వ్యవస్థను గమనించినవారు తక్కువ. ఒక్కొక్క చిందు కుటుంబమునకు కొన్ని గ్రామములు మిరాశీగా నుండెడివి. ఆ గ్రామములలో వేరొక మేళము ఆడరాదు. ఆ గ్రామపు మాదిగ కుటుంబములు వారికి ధాన్యమును, త్యాగమును ఇయ్యవలెను. ఏ గ్రామమున ఏ మాసమున పంట చేతికి వచ్చునో, ఎచ్చట కరవు పడినదో, ఎవరింట కీడు జరిగి ఈ యేడు ఆట కూడదో మేళపు పెద్దకు నోటికి వచ్చియుండెను. టికెట్టు లేదు, కరపత్రము లేదు. అయినను మేళము తరతరములుగా నిలిచినది. తనను పోషించు ప్రేక్షకులెవరో ఆట మొదలుపెట్టకముందే నిశ్చయమై యుండుటయే అందులకు కారణము. నేటి కళాశాలలలో పెద్ద పెద్ద మాటలతో బోధించు సూత్రము ఇంతకన్న వేరు గాదు. కాని ఆ మిరాశీ కులవ్యవస్థలో చిక్కుకొన్నది. కట్టుబాటు సడలి, ధాన్యపు వాడుక పోయి, నగదు వాడుక వచ్చినపుడు మేళములు ఒక్కొక్కటిగా చితికిపోయినవి. ఆ కట్టుబాటు తెచ్చిన అవమానము పోవలసినదే, దానికై నేను కన్నీరు పెట్టను. కాని దానితో కూడ పోయిన జీవనమునకు బదులుగా మరియొక యేర్పాటు చేయవలెనని ఎవరును ఆలోచింపలేదు.

ఇక ఊరి భాగవతము వేరు రీతి. పంట కోతలైన పిమ్మట ఒక పంతులు హార్మోనియము పెట్టెతో ఊరికి వచ్చెడివాడు. కొన్ని నెలలు ఏదో యొక యింటి పంచలో నుండి, పది పదునైదుగురు యువకులకు యక్షగానము నేర్పెడివాడు. వాని తిండి వంతులవారీగా ఇండ్లమీద నడచెను. వేషములకు డ్రస్సులు పట్టణమునుండి అద్దెకు వచ్చెను. కాగడాల కాలము పోయి పెట్రోమాక్సు దీపముల కాలము వచ్చినపుడు, వాటికి గాలి కొట్టుటకే ఒక మనిషి కావలసివచ్చెను. ఆట నడుమ హారతి పళ్ళెము తిరిగెను. చదివింపులు జరిగెను. ఫలానా పటేలుగారు ఐదు రూపాయలు ఇచ్చినారని వేదికమీదనుండి పిలిచినంతనే ఆయన పాలివాడు ఆరు రూపాయలు పంపెడివాడు! ఈ చదివింపుల రహస్యము తెలిసిన హాస్యగాడు మేళమునకు సగము యజమాని. ఎవరి పేరు ఎప్పుడు పిలువవలెను, ఎవరి పేరు తరువాత ఎవరి పేరు పిలువరాదు అను జ్ఞానము ఏ పుస్తకమునను లేదు.

కుటుంబమే పాఠశాలయైన నాటక సమాజమునకు మన తెలుగు దేశమున సురభిని మించిన దృష్టాంతము లేదు. (మన కొల్లాపురము వారు, సురభి యనగా జటప్రోలు సంస్థానాధీశుల యింటిపేరు గదా యని యనుకొందురు. ఆ సురభి వేరు, ఈ సురభి వేరు.) ఇది కడప జిల్లాలోని సురభి గ్రామము. తోలుబొమ్మలాడించు కుటుంబములవారు 1885లో ఆ యూర ఒక పెండ్లి సందర్భమున కీచకవధను మనుష్యులతో ఆడిరి. వనారస గోవిందరావుగారు దానిని సమాజముగా నిలబెట్టిరి. ఇతర సమాజములలో పురుషులే స్త్రీవేషములు వేయుచుండిన కాలమున సురభిలో ఇంటి స్త్రీలే స్త్రీపాత్రలను ధరించిరి. కుటుంబము పెరిగినకొలది సమాజము చీలి, ఒక దశలో ముప్పదికి పైగా సమాజములైనవి. మాయాబజారులో భోజనపదార్థములు తమంతట తాము ఘటోత్కచుని నోటిలోనికి పోవుట మనలో అనేకులు చూచినదే. ఆ తీగ నెవడు లాగుచున్నాడో తెలియకుండ లాగుట ఒక విద్య. ఆ డేరాను, తెరలను, పిల్లలను, వంటపాత్రలను ఊరినుండి ఊరికి తరలించి, పండుగకు ముందురోజు చేరునట్లు చూచుట మరియొక విద్య. సురభి పిల్లవాడు ఈ రెండింటిని పాలతో పాటు నేర్చుకొనెను. కాని సినిమా వచ్చి జనము తగ్గినపుడు ఏమి చేయవలెనో ఆ పాలలో లేదు. సమాజములు తరిగి తరిగి చివరకు ఐదారు మాత్రమే మిగిలినవి.

సురభికి వెలుపల కంట్రాక్టు నాటకముల యుగము వచ్చినది. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు సంస్థానములకు వచ్చి సన్మానములందిన సంగతి మన పెద్దలు ముచ్చటగా చెప్పుకొనెడివారు. ఆ కవుల పాండవ నాటకముల పద్యములు తెలుగు దేశమున పశులకాపరుల నోటను ఆడెను. కంట్రాక్టరు ఒక యూరినుండి కృష్ణుని, మరియొక యూరినుండి అర్జునుని, వేరొక యూరినుండి హార్మోనిస్టును బయానా యిచ్చి పిలిపించును. వారు ఒకరి ముఖము నొకరు రంగస్థలముమీదనే చూచుకొందురు. అభ్యాసము లేదు. పద్యముమీద పద్యము, వన్సుమోరుమీద వన్సుమోరు. కళకు ఇది మేలు చేసెనని నేననను. కాని అప్పు చేసియైనను తన జేబునుండి సొమ్ము పెట్టి ఆట ఆడించినవాడు ఆ కంట్రాక్టరే. వానిని దూషించుటకు ముందు వాని లెక్కపుస్తకము చూడవలెను.

ఈ మాట నేను ఊరక యనుట లేదు. 1974 వేసవిలో నేనును, నా మిత్రులు నలుగురును కూడి ఒక తాలూకా కేంద్రమున శ్రీకృష్ణ రాయబారము ఆడింపబూనితిమి. మాకు పద్యములు తెలియును. ఏ నటుడు ఏ రాగమున ఆపునో తెలియును. తక్కినదేదియు తెలియదు. కృష్ణవేషధారికి మూడువందల రూపాయల బయానా మనిషిచేత పంపితిమి. రసీదు తీసికొనలేదు. తీసికొనుట అమర్యాద యనుకొంటిమి. టికెట్లు ఐదువందలు అమ్మితిమి, మనుష్యులు వేయిమంది వచ్చిరి, ఎందుకన గేటుకడ నిలిచినవారందరు మా బంధువుల పిల్లలే. రాత్రి పండ్రెండు గంటలైనను కృష్ణుడు రాలేదు. పడక సీనులో అర్జునుడును దుర్యోధనుడును వచ్చి ఎదురుచూచుచున్నారు, మంచముమీద కృష్ణుడు లేడు! జనము మొదట నవ్విరి, పిమ్మట కుర్చీలు విరిచిరి. అద్దె కుర్చీలకు, మైకునకు, డ్రస్సులకు, హార్మోనిస్టునకు అప్పు తీర్చుటకు నేను ఒక కాడి యెడ్లను అమ్మవలసివచ్చెను. ఆ యేడు మా పొలము ఇతరుల యెడ్లతో దున్నినాము. మా తండ్రిగారు చనిపోవువరకు ఆ మాట నన్ననలేదు. అనకపోవుటయే నాకు బరువు. ఆ నటుడు బయానా తనకు చేరనేలేదని తరువాత చెప్పెను. చేరెనో లేదో నేటికిని తేలలేదు.

మన రెండు జిల్లాలలో నిర్వాహక విద్యను వేరొక త్రోవలో నేర్చినవారును కలరు. నిజాము రాజ్యమున జారియైన గస్తీ నిషాన్ తిర్పన్, అనగా 53వ నంబరు గస్తీ, ముందుగా అనుమతి లేక సభ జరుపరాదని శాసించినది. అట్టి కాలమున ఆంధ్రమహాసభ 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను, 1931లో మన దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతను జరిగినది. అనుమతి సంపాదించుట, పందిరి వేయించుట, వందలమందికి వంట చేయించుట, దొరలకు కోపము రాకుండ చందాలు పోగుచేయుట మొదలగు పనులలో ఆరితేరిన కార్యకర్తలు పల్లెలలో తయారైరి. వారికి తెలియకయే వారు నాటక నిర్వాహకుల పనిని నేర్చుకొనిరి.

1943లో ప్రజానాట్యమండలి పుట్టినపుడు ఆ అనుభవము రంగస్థలమునకు పనికివచ్చినది. నాడు నల్లగొండ జిల్లాలో చేరియుండిన జనగామ తాలూకాయందు, కామారెడ్డిగూడెమునకు చెందిన షేక్ బందగీ భూమికై న్యాయస్థానమున పోరాడి హతుడయ్యెను. ఆ వృత్తాంతమును ఆధారముగా గొని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గారలు 1947లో మాభూమి నాటకమును వ్రాసిరి. కోస్తా జిల్లాలలో నూటికి పైగా దళములు దానిని ఆడినవి. పిమ్మట మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. కథ మనది, నేల మనది, నెత్తురు మనది. కాని రజాకార్ల కాలమున ఆ కథ పుట్టిన పల్లెలలో దానిని బహిరంగముగ ఆడు వీలు లేకపోయెను. ఇక్కడ గమనింపదగినది వేరొకటి కలదు. ఒకే నాటకమును నూరు దళములు ఒకే కాలమున ఆడవలెనన్న తెరలు తేలికగా నుండవలెను, పాత్రలు అందుబాటు మనుష్యులకు తగియుండవలెను, ఊరివారే భోజనము పెట్టవలెను. దీనిని ముందుగ ఆలోచించినవారు కవులు మాత్రమే కారు. వెనుక నిర్వాహకులు కలరు. వారి పేర్లు మనకు దక్కలేదు.

ఇక విశ్వవిద్యాలయముల సంగతికి వత్తును. నాటకమును పట్టము నిచ్చు విద్యగా తొలుత అంగీకరించినది అమెరికా. పిట్సుబర్గు నగరమున కార్నెగీ విద్యాలయము 1914లో నాటక శాఖను తెరచినది. హార్వర్డు విశ్వవిద్యాలయమున నాటకరచన బోధించుచుండిన జార్జి పియర్సు బేకరు అను నాచార్యుడు 1925లో యేలు విశ్వవిద్యాలయమునకు తరలిపోయి అచ్చట నాటక శాఖను నెలకొల్పెను. కాలక్రమమున ఆ దేశమున నటనకు వేరు, నిర్వహణకు వేరు పట్టములు ఏర్పడినవి. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున నాటక నిర్వహణమునకే ప్రత్యేకముగ స్నాతకోత్తర విద్య కలదు. సొమ్ము కూర్చుట, ఒప్పందములు వ్రాయుట, నాటకశాల నడుపుట అందలి పాఠములు. మన దేశమున జాతీయ నాటక విద్యాలయము 1959లో ఢిల్లీలో స్థాపింపబడినది. అందు మూడేండ్ల చదువు నటనకును, దర్శకత్వమునకును, రంగాలంకరణమునకును ప్రధానముగా నేర్పడినది.

తెలుగువారిలో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ముందడుగు వేసెను. అచ్చట రిజిస్ట్రారుగా నుండిన కె.వి. గోపాలస్వామిగారు విద్యార్థుల నాటకములకు గొప్ప ప్రోత్సాహ మిచ్చిరి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును, తరువాత కేంద్ర విశ్వవిద్యాలయమునందును మొదలి నాగభూషణశర్మగారు (1935–2019) రంగస్థల విద్యను బోధించిరి. 1985 డిసెంబరు 2వ తేదీన, స్వయముగా నటుడైన నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా, తెలుగు విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. అందు రంగస్థల కళల శాఖ కలదు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమున 1988లో సరోజినీ నాయుడు కళాశాఖ నెలకొన్నది. బి.ఏ. యో, బి.ఎస్సీ. యో ముగించిన విద్యార్థి ప్రవేశపరీక్షలో నెగ్గి రెండేండ్లు అచ్చట నాటకమును చదువవచ్చును. మన పల్లెలనుండి పోయిన పిల్లలు తమ ఊరి ఒగ్గుకథను, చిందును అచ్చట పాఠ్యాంశముగ చూచి ఆశ్చర్యపడుదురు. ఇంటిలో సిగ్గుపడి దాచుకొన్నది అచ్చట ఆచార్యుడు మరల పాడుమని యడుగును!

అయితే నా యభిప్రాయము నిష్కపటముగ చెప్పుదును. మన విశ్వవిద్యాలయములు నటుని తయారుచేసినవి, దర్శకుని తయారుచేసినవి. నిర్వాహకుని తయారుచేయుట వానికి చిన్నపనిగా తోచినది. చదువు ముగించి వచ్చిన కుఱ్ఱవాడు దీపముల రంగులను గూర్చి గంటసేపు మాట్లాడును. నాటకశాల అద్దె ఎవరు కట్టవలెనని యడిగిన ఆకాశమువైపు చూచును. అందుచేత వారిలో అనేకులు సినిమాలకో, టెలివిజనుకో, బడిపంతులు పనికో పోయిరి. ఈ లోటును గుర్తించి కొందరు నాటకప్రియులు 2015లో స్మార్ట్ అను పేర దేశములోని నాటక సమాజముల వారికి నిర్వహణ శిక్షణమును ఆరంభించిరి. సమాజపు ధ్యేయము నిర్ణయించుకొనుట, ప్రేక్షకులెవరో తెలిసికొనుట, సొమ్ము లెక్క, రాబోవు సంవత్సరముల యోచన అందు నేర్పిరి. చిందు మేళపు పెద్దకు నోటికి వచ్చియుండిన దానిని మనము ఇన్నాళ్లకు కాగితముమీద వ్రాసికొనుచున్నామన్నమాట.

ఈ సందర్భమున కన్నడ దేశపు బి.వి. కారంతుగారి కథ చెప్పక తప్పదు. ఆయన చిన్నతనమున ఇల్లు విడిచి గుబ్బి వీరణ్ణగారి నాటక కంపెనీలో చేరెను. గుబ్బి కంపెనీ మన సురభివలెనే పాతది, డేరాలతో తిరుగునది. వీరణ్ణగారు ఈ కుఱ్ఱవానిలో పస గలదని కనిపెట్టి, వేషములకే కట్టివేయక, ఎం.ఏ. చదువుమని కాశీకి పంపెను. కంపెనీ యజమాని తన నటుని ఎం.ఏ.కు పంపుటను మీరెచ్చటనైన వింటిరా? కారంతుగారు కాశీలో హిందుస్థానీ సంగీతమును గూడ నేర్చి, పిమ్మట జాతీయ నాటక విద్యాలయమున శిక్షణ పొంది, తుదకు ఆ విద్యాలయమునకే సంచాలకులైరి. 1989లో మైసూరున రంగాయణ మను సంస్థను నిలిపిరి. ఆ కారంతుగారే 1990ల దశకమున మన సురభి కళాకారులకు శిక్షణ యిచ్చి భీష్మ మొదలగు నాటకములను వారిచే ఆడించిరి. వంశపారంపర్యముగ వచ్చిన విద్యయు, విశ్వవిద్యాలయపు విద్యయు ఒకే డేరాలో కూర్చుండుట తెలుగువారు అప్పుడు చూచిరి. సురభివారికి కొత్త నాటకములు వచ్చినవి, కొత్త ప్రేక్షకులు వచ్చిరి.

పల్లెటూరిలో ఇట్టి విద్య సాగదని యనువారికి మన పొరుగుననే హెగ్గోడు కలదు. షిమోగా జిల్లా సాగర తాలూకాలో పోకతోటల నడుమనున్న చిన్న గ్రామమది. 1949లో ఆ యూరివారు నీనాసం అను నాటక సంఘమును పెట్టుకొనిరి. కె.వి. సుబ్బణ్ణగారు, స్వయముగ పోకతోట గలవారు, దానిని పెంచి 1980లో నాటక శిక్షణాలయము నెలకొల్పిరి. 1985లో తిరుగాట అను సంచార నాటక బృందమును బయలుదేరదీసిరి. శిక్షణ పొందినవారు ఏటేట కొన్ని నాటకములను సిద్ధపరచి కన్నడ దేశమంతయు తిరుగుదురు. ఏ యూర దిగిన ఆ యూర స్థానిక సంఘము పూనికతో ఆట జరుగును. మిరాశీలోని మేలు మాత్రము మిగిలి కీడు పోయిన యేర్పాటు ఇది. సుబ్బణ్ణగారికి 1991లో మెగసెసే బహుమానము వచ్చెను. మక్తలు, నారాయణపేట ప్రాంతములవారికి కన్నడము పొరుగు భాష గదా. ఆ త్రోవ వారికి దూరము కాదు.

ఇంత చరిత్ర విన్న పిమ్మటను నా యల్లుడు, "అది చదివి ఏం తింటది?" అను ప్రశ్నను విడువలేదు. న్యాయమైన ప్రశ్నయే. కావున నేను వానికి పని వివరము చెప్పితిని. నాటకమాడుటకు రచయిత అనుమతి కావలెను. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము, 1992లో సవరింపబడిన పిమ్మట, రచయిత మరణించిన తరువాత అరువది యేండ్లవరకు ఆ హక్కును కాపాడుచున్నది. ఇద్దరు కలిసి వ్రాసిన దాని విషయమున చివర మరణించినవారినిబట్టి లెక్క. తిరుపతి వేంకటకవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1950లో గతించిరి గనుక వారి నాటకములు 2010వ సంవత్సరాంతముతో అందరివియైనవి. ఇది తెలియక అక్కరలేని చోట సొమ్ము కట్టినవారును, అక్కర యున్న చోట కట్టక చిక్కుపడినవారును కలరు. సంఘమును రిజిస్టరు చేయుట, ఏటేట లెక్కలు తనిఖీ చేయించుట లేనిదే ప్రభుత్వపు సాయము రాదు. కేంద్ర సంస్కృతి శాఖ గురువునకును శిష్యులకును నెలనెల వేతన మిచ్చు పథకము నడుపుచున్నది. అర్జీ సక్రమముగ వ్రాయువారు లేక మన పల్లె మేళములలో పెక్కింటికి అది అందలేదు. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు తమ లాభములో నూటికి రెండు వంతులు లోకోపకార కార్యములకు వెచ్చింపవలెను. సంప్రదాయ కళల పోషణము ఆ కార్యముల పట్టికలో నున్నది. ఆ తలుపు తట్టుటకు చదువు కావలెను. ఈ పనులకు జీతమున్నదా యని యడుగవచ్చును. కొన్నిచోట్ల నున్నది. ఉత్సవములు జరుపు సంస్థలు, నాటకశాలలు, బడులలో నాటకము నేర్పించు సంఘములు ఇట్టివారిని పెట్టుకొనుచున్నవి. మొదటి రెండు మూడేండ్లు గడ్డుగా నుండును. అది నేను దాచలేదు.

అతనికి నచ్చిన మాట మాత్రము వేరొకటి. తెలుగు విశ్వవిద్యాలయమునకు తెలంగాణ శాసనసభ 2025లో సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టినది. ప్రతాపరెడ్డిగారు పాలమూరు బిడ్డ. ఆయన స్వగ్రామమైన ఇటికాలపాడు మన గద్వాల ప్రాంతము. 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పినవారు. తెలంగాణమున కవులు లేరని యెవరో యన్నందుకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించినవారు. ఊరూరికి ఉత్తరములు వ్రాసి, వచ్చిన పద్యములను వరుసపెట్టి, అచ్చు సొమ్ము కూర్చి, సంచిక చేతికి వచ్చువరకు నిద్రపోనివారు. నా దృష్టిలో అది నిర్వాహకుని పనియే. ఆయన నాటకములును వ్రాసిరి. ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్రము 1949లో వెలువడి 1955లో సాహిత్య అకాడమీ బహుమానమును పొందినది. రాజుల యుద్ధములకు బదులు జనుల తిండి, బట్ట, ఆటపాటలను చరిత్రగ వ్రాసిన గ్రంథమది. "ప్రతాపరెడ్డి పేరున్న కాలేజీనా?" అని నా యల్లుడు రెండుమార్లు అడిగెను. ఆ పేరుమీద వానికున్న గౌరవము నా వాదమంతటికన్న బలమైనది.

మరునాడు ఆ పిల్లయే వచ్చినది. నేను పెట్టె అడుగునుండి 1974 నాటి లెక్కపుస్తకమును తీసి యిచ్చితిని. ఏబది యేండ్లలో నేను దాని నెవరికిని చూపలేదు. ఆమె అరుగుమీద కూర్చుండి మొదటి పుటనుండి చదివినది. కుర్చీల అద్దె, మైకు అద్దె, చాయకు ఖర్చు అన్నియు చూచినది. మూడవ పుటకడ ఆగి, వ్రేలు పెట్టి, "తాతా, ఈ మూడువందల బయానా ఎవరి చేత పంపినవ్? ఆయన సంతకమేది?" అని యడిగినది.

నేను ఆ మనిషి పేరు చెప్పితిని. సంతకము లేదంటిని. ఆమె తన నోటుపుస్తకమున ఏదో వ్రాసికొని, నాలుగవ పుట త్రిప్పినది.